నాలుగో భాగంలో పదహారు పేజీలు

బైండింగు గది, లైబ్రరీ కింద అంతస్తు
సోమవారం

అక్కకి,

నీ కాలు సంగతి బావ చెప్పాడు. పై అరలో దారం కండెల కోసం స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కావట. నలభై నాలుగేళ్ళొచ్చాయి, టైలరువి, సర్కసు మనిషివి కాదు. చిన్నప్పుడు నేను గోడెక్కితే నా వీపు విమానం మోత మోగించావు, గుర్తుందా? ఇప్పుడు నీ వీపు నాకు అందదు కాబట్టి ఉత్తరంలోనే తిడుతున్నాను.

ఎనిమిది వారాలు మంచం దిగకూడదన్నారట. నువ్వు ఎనిమిది నిమిషాలు ఊరికే కూర్చోలేవని నాకు తెలుసు. అందుకే బావ పార్సెల్ వ్యానులో ఒక పుస్తకం పంపుతున్నాను. ‘ఉప్పు గిడ్డంగి తలుపు’, మొదటి భాగం. మొత్తం తొమ్మిది. పటాలు గీసే ఆఫీసులో పనిచేసే ఒకామె పాత ఉప్పు గిడ్డంగి తలుపు తీసుకుని లోపలికెళ్తే మూడు వందల ఏళ్ళు వెనక్కి పోతుంది. అక్కడ పడవలు కట్టేవాడు ఒకడుంటాడు. మిగతాది నేను చెప్పను. పై అంతస్తులో దీనికోసం పేర్లు రాసుకుని మరీ ఎదురు చూస్తున్నారు.

నిజానికి ఇలా పంపకూడదు. వెన్ను ఊడిందని ఈ పుస్తకం బాగుచెయ్యడానికి నా దగ్గరికి వచ్చింది. కుట్టాను, కొత్త అట్ట వేశాను. జిగురు ఆరడానికి పది రోజులు పడుతుందని రిజిస్టర్లో రాశాను. ఆ ఆరేదేదో నీ మంచం మీద ఆరుతుంది.

ఒక్క విషయం మాత్రం నాకు అనుమానంగా ఉంది. చదివి చదివి ఊడిన వెన్ను పీచుపీచుగా ఉంటుంది. ఇది పైనుంచి కింద దాకా బ్లేడుతో గీసినట్టు తిన్నగా తెగింది. ఎవరు చేస్తారక్కా ఇలాంటి పని?

ఫోన్ చెయ్యకు. ఇక్కడ నేల కింద సిగ్నల్ రాదు, పైన గొంతెత్తితే లైబ్రేరియన్ గారు కళ్ళజోడు మీదనుంచి చూస్తారు. ఉత్తరం రాసి పుస్తకంలో పెట్టి బావకివ్వు.

నీ చిన్నది


కిటికీ పక్క మంచం
గురువారం

చిన్నదానికి,

పుస్తకం అందింది. నాకు ఇలాంటివి గిట్టవని తెలిసీ పంపావు. పెళ్ళయి, ఆరేళ్ళ కూతురున్న మనిషి! తలుపు తీసుకుని ఇంకో కాలానికి పోవడమేమిటి, అక్కడ పడవలవాడి భుజాల వంక చూడటమేమిటి! నలభై పేజీలు చదివి విసిరేశాను. మంచం కింద పడింది. వంగలేను కదా, కొలత బద్దతో లాక్కోవాల్సి వచ్చింది. అంత కష్టపడి లాగాను కదా అని ఇంకో పేజీ చదివాను. అదీ నేను చేసిన తప్పు.

రెండ్రోజుల్లో అయిపోయింది. చివరి పేజీలో ఆమె గడియ మీద చెయ్యి వేస్తుంది, తియ్యాలా వద్దా అనుకుంటుంది, అక్కడితో ఆపేశారు! ఇది రాసినవాళ్ళకి మనుషుల మీద జాలి లేదు. రెండో భాగం వెంటనే పంపు. జిగురు ఆరిందా లేదా అని చూడకు.

బావకి అప్పుడే అనుమానం మొదలైంది. నిద్రలో ‘ఆ పడవవాడు వచ్చాడా’ అన్నానట. పొద్దున టీ ఇస్తూ, ‘ఎవడు వాడు? పార్సెలేమైనా రావాలా?’ అని అడిగాడు. వివరంగా చెప్పాను. ‘మూడు వందల ఏళ్ళ కిందటివాడా, అయితే ఫరవాలేదు’ అని వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయనతో జాగ్రత్త, ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

పుస్తకం వెన్ను ఎవరు కోస్తే నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎక్కడ చిరుగు కనపడితే అక్కడ వేలు పెడతావు. అమ్మ మనల్ని వదిలి వెళ్ళినప్పుడు నీకు నాలుగేళ్ళు, నాకు పన్నెండు. ఎందుకెళ్ళింది, ఎప్పుడొస్తుంది అని నా ప్రాణం తీసేదానివి. ‘రాదు, రాలేదు, అడక్కు’ అని నీ జడ ఇంకాస్త గట్టిగా లాగి కట్టేదాన్ని. ఇప్పుడు నీ జడ నా చేతిలో లేదు, అదీ నా బాధ.

అక్క


బైండింగు గది
పదమూడు రోజుల తర్వాత, బుధవారం

అక్కకి,

ఆలస్యమైందని తిట్టుకోకు. రెండో భాగం నా చేతికి రావాలి కదా. విచిత్రం చూడు, నువ్వు తిరిగి పంపిన మొదటి భాగాన్ని పైకి ఇచ్చిన నాలుగో రోజుకే రెండోది కిందికి వచ్చింది. అదే కోత. అదే బ్లేడు. లైబ్రేరియన్ గారు నా బల్ల మీద పెట్టి, ‘నీకు పని తక్కువైందా అమ్మాయ్?’ అన్నారు. నేనే కోసుకుంటున్నానని ఆయన అనుమానం! పదకొండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. ఒళ్ళు మండిపోయింది.

ఇంకోటి. మార్జిన్లలో ఎవరో పెన్సిలుతో రాస్తున్నారు. మొదటి భాగంలోనూ ఉన్నాయి, తుడిచాకే నీకు పంపాను. బాగుచేసే ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిరగేసి, రాతలు రబ్బరుతో తుడిచి, అప్పుడు కుట్టడం నా పని. జనం మామూలుగా ‘అబ్బ’ అనో ‘వీడికి బుద్ధిలేదు’ అనో రాస్తారు. ఇవి అలా లేవు. కథానాయిక పడవలవాడితో నది దాటుతుంటే, పక్కన చిన్న అక్షరాలతో, ‘అక్కడ ఆ పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారో ఒక్క ముక్క రాయరేం?’ అని ఉంది.

ఆ పేజీ తుడవబోయి కాసేపు ఆగాను. ఎందుకో తెలీదు.

కాలు నేల మీద పెట్టావంటే బావ నాకు చెప్పేస్తాడు.

చిన్నది


అదే మంచం
మూడో భాగం అయిపోయిన సాయంత్రం

చిన్నదానికి,

మూడూ అయిపోయాయి. వారానికొకటి అంటే నాకు చాలడం లేదు. మూడోది రెండుసార్లు చదివాను. కుట్టడానికి ఇచ్చిన జాకెట్ల గురించి ఎవరో అడగడానికి వస్తే, పడుకున్నానని చెప్పించాను. నాకే సిగ్గుగా ఉంది.

మొదట్లో ఆమెని తిట్టినదాన్ని నేనేనా అని నవ్వొస్తోంది. ఆ మొగుడు చూడు, కొట్టడు, తిట్టడు. అలిగితే నెల్లాళ్ళు మాట్లాడడు. కంచం ముందు కూర్చుని గోడ వంక చూస్తాడు. గోడతో ఎన్నాళ్ళు కాపురం చేస్తుంది పాపం? మూడో భాగం చివర్లో మళ్ళీ తలుపు దగ్గర తటపటాయిస్తుంటే, ‘దాటవే తల్లీ, దాటు, వెనక్కి చూడకు’ అని పైకే అరిచేశాను. పడిపోయాననుకుని బావ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

‘పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారు’ అని రాసినవాళ్ళెవరో నాకు నచ్చలేదు. తండ్రి ఉన్నాడుగా! కథ చదవమంటే వంటింటి లెక్కలడుగుతారేమిటి?

ఇప్పుడు అసలు సంగతి. గుడ్డ మీద సుద్ద గీత ఎంత దులిపినా టైలరు కంటికి ఆనుతుంది. పేజీని ఏటవాలుగా పట్టుకుంటే నువ్వు తుడిచిన పెన్సిలు నొక్కులు కనపడుతున్నాయి. మొదటి రెండు భాగాల్లో శుభ్రంగా తుడిచావు. మూడో దాంట్లో చాలాచోట్ల సగం సగం వదిలేశావు, చదువుతూ చదువుతూ చెయ్యి ఆగిపోయినట్టు. ఉత్తరం కూడా అంతకంతకూ పొట్టిదైపోతోంది. ఎవరే అతను? ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే మొహం తిప్పుకునేదానివి, పుస్తకాల మార్జిన్లలో సంసారం పెట్టావా? మంచివాడైతే చెప్పు, సంతోషిస్తాను. కానీ పుస్తకాలు కోసి మరీ పలకరించేంత పిరికివాడైతే మాత్రం నాకు వద్దు.

అక్క


బైండింగు గది
శుక్రవారం

అక్కకి,

నాలుగోది పంపుతున్నాను. అతనూ లేడు, ఇతనూ లేడు.

ఒక్క ప్రశ్న. మన పాత ఇంటి వీధి తలుపు ఏ రంగులో ఉండేది? గడియ పైన ఉండేదా, కింద ఉండేదా? నాకు గుర్తులేదు. నీకుంటుంది.

పని ఎక్కువగా ఉంది.

చిన్నది


మంచం, కుర్చీ, మళ్ళీ మంచం
మంగళవారం

ఏమేవ్,

నన్ను ఏమనుకుంటున్నావు? కాలు విరిగింది, కళ్ళు కాదు.

నాలుగో భాగంలో నూట తొంభై రెండో పేజీ చివర ఆమె ఒక్క రోజుకోసం తన కాలానికి తిరిగొచ్చి, కూతురి బడి గేటుకి ఎదురుగా నిలబడుతుంది. పేజీ తిప్పితే రెండు వందల తొమ్మిది. పడవలో కూర్చుని ఏడుస్తోంది! మధ్యలో ఏం జరిగిందే? కూతురు చూసిందా, పలకరించిందా? మూడు భాగాలుగా నేను ఎదురుచూస్తున్నదే ఆ పదహారు పేజీలు!

చిరిగిపోయాయని మాత్రం చెప్పకు. చిరిగితే కుట్టు దగ్గర ముక్కలు మిగులుతాయి. ఇక్కడేమీ లేవు. నువ్వే చెప్పావు ఒకప్పుడు, పదహారు పేజీలు కలిపి మడిచి ఒక ఫారంగా కుడతారని. అంటే మధ్యలో ఒక ఫారం మొత్తం, కుట్టక ముందే తీసి పక్కన పెట్టావు. పైగా నడుము బిగించి కుట్టిన గౌనులా, అట్ట కూడా ఆ మేరకి సన్నంగా కోసి వేశావు, తేడా తెలియకుండా. నేను ముప్పై ఏళ్ళుగా బట్టలు వదులు చేసి, బిగించి కుడుతున్నాను. ఎక్కడ తీశారో, ఎక్కడ కలిపారో నా వేళ్ళకి తెలుస్తుంది.

నా అనుమానం ఇంకా పెరిగింది. ఆ పదహారు పేజీల్లో అతను ఏం రాశాడు? ఏదో పెద్ద మాటే రాసి ఉంటాడు. అక్క చూడకూడనిది. మూడు రోజులుగా ఇదే ఆలోచన. బావ కూడా నన్ను ఎగాదిగా చూస్తున్నాడు. ‘మీ చెల్లెలు దిగాలుగా ఉంది, పుస్తకం ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు’ అన్నాడు.

ఆ పేజీలు పంపు.

పాత తలుపు సంగతి ఇప్పుడెందుకు? ఆ ఇల్లు అమ్మేసి ఇరవై ఏళ్ళయింది.

అక్క


బైండింగు గది
గురువారం

అక్కకి,

తీసింది నేనే. నా దగ్గరే ఉన్నాయి.

తలుపు గురించి ఎందుకని అడిగావు కానీ జవాబు రాయలేదు. ప్రతి ఉత్తరంలో రెండు పేజీలు రాసేదానివి, ఒక రంగు పేరు రాయడానికి నీకు చోటు చాలలేదా? అనుమానపడటం నీ ఒక్కదానికే వచ్చా?

అయితే తిన్నగానే అడుగుతాను. అమ్మ వెళ్ళిపోయాక ఒక్కసారైనా తిరిగి వచ్చిందా?

జవాబు రాయి. పేజీలు పంపుతాను.

చిన్నది


ఇల్లు
శనివారం

ఆకుపచ్చ రంగు. గడియ కిందికి ఉండేది. సరేనా?

రాలేదు. రాలేదని నీకు ఐదేళ్ళప్పుడు చెప్పాను, పదేళ్ళప్పుడు చెప్పాను, నాన్న పోయిన రోజున చెప్పాను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? చేతులారా పెంచినదాన్ని పట్టుకుని దొంగని అడిగినట్టు అడుగుతావా? ఒక కథ పుస్తకంలో పేజీలు దాచుకుని, నాతో బేరమాడతావా?

నీ పేజీలు నువ్వే ఉంచుకో. ఐదో భాగం కూడా నాకక్కర్లేదు.


కిటికీ ఎదురు బల్ల, లైబ్రరీ పై అంతస్తు
మంగళవారం మధ్యాహ్నం

అక్కకి,

పదమూడో ఫారం ఈ కవరులో పెట్టాను. కుట్టు విప్పి ఉంది, పేజీలు జారిపోతాయి, జాగ్రత్తగా తియ్యి. తుడవలేదు. ఒక్క అక్షరం కూడా తుడవలేదు.

కథ ఏమైందో ముందు చెప్పేస్తాను, నీకు ఆత్రం కదా. ఆమె గేటు బయట నిలబడుతుంది. కూతురు బయటికి వస్తుంది. ఆమె పిలవదు. అంతే. పదహారు పేజీలూ అదే. మార్జిన్లలో ఉన్నది వేరే కథ. నూట తొంభై అయిదో పేజీలో, ‘ఇది రాసినవాళ్ళు ఎప్పుడూ గేటు బయట నిలబడి ఉండరు. ముందు మొహం చూసిందని రాశారు. ముందు చూసేది జడ. ఎవరు వేశారా అని.’

రెండు వందల ఒకటిలో ఇలా ఉంది: ‘నేను ఏడాది తర్వాత వెళ్ళాను. ఆకుపచ్చ తలుపు. గడియ కిందికి ఉండేది. పెద్దది తీసింది. చిన్నదేదీ అని అడిగాను. నువ్వెలా ఉన్నావే అని ముందు దాన్ని అడగాల్సింది. తలుపు వేసేసింది. తప్పు దానిది కాదు.’

చివరి పేజీలో ఇది: ‘తుడిచే అమ్మాయికి. నీ ఎడమ చెవి వెనక గోరంత నల్లమచ్చ ఉంటే ఇది నీకే. లేకపోతే తుడిచెయ్యి తల్లీ, నన్ను మన్నించు.’

అది చదివి నా చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాను. ఆ మచ్చ నాకు కనపడదు. నీళ్ళు పోసేటప్పుడు నువ్వు రుద్దేదానివి, మురికనుకుని.

బాగుచేసిన ప్రతి పుస్తకం చివర, బైండింగు చేసింది ఫలానా అని, నా పేరూ ఇంటిపేరూ రాసిన చీటీ అంటిస్తాను. ఆ చీటీ చూసి ఉంటుంది. చిరిగిన పుస్తకాలన్నీ కిందికి నా దగ్గరికే వస్తాయని ఎవరినో అడిగి తెలుసుకుని ఉంటుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటి కోసింది. నాతో మాట్లాడే ధైర్యం లేక, నేను రబ్బరుతో తుడిచే చోట రాసింది.

ఎవరో నాకు తెలుసు. ప్రతి మంగళవారం కిటికీ దగ్గర కూర్చునే పెద్దావిడ. జుట్టు పొట్టిగా ఉంటుంది. చేతిసంచిలో పెన్సిలు చెక్కుకునే బ్లేడు ఉంటుంది. కోత ఆ బ్లేడుదే. ఐదో భాగం ఆవిడ ముట్టుకోలేదు. వచ్చిన ప్రతిసారీ లైబ్రేరియన్ గారిని ఒకటే అడుగుతోంది, ‘నాలుగో భాగం బాగయిందా?’ అని. ‘జిగురు ఆరుతోందండీ’ అంటారాయన. ఆవిడ తల ఊపి కూర్చుంటుంది. ఇది రాస్తుంటే కూడా మూడు బల్లల అవతల ఉంది. నేను లేచి వెళ్ళలేదు. ఆవిడ నన్ను చూడలేదో, చూసీ చూడనట్టు కూర్చుందో తెలీదు.

నీ మీద చాలా కోపంగా ఉంది అక్కా. దాచను. ముప్పై ఒక్క ఏళ్ళు అమ్మకి నేను అక్కర్లేదనుకుంటూ బతికాను. ఎవరైనా దగ్గరికొస్తే వీళ్ళూ పోతారనే అనుమానం. నీకు అది తెలుసు. అయినా శనివారం కూడా రాలేదనే రాశావు.

మూడో భాగం చదివి ‘దాటవే తల్లీ’ అని రాశావు చూడు, అప్పుడు నేను నవ్వలేదు. గోడ వంక చూసే మొగుడు నీకు కొత్తా? మనిద్దరం ఆ గోడ పక్కనే పెరిగాం కదా.

ఆవిడతో మాట్లాడాలా వద్దా నాకు తెలీదు. నువ్వు వద్దంటే తుడిచేసి, కుట్టేసి, పైకి పంపేస్తాను. నిజంగానే పంపేస్తాను. నన్ను పెంచింది నువ్వు. కానీ ఈసారి నిజం రాయి.

చిన్నది


కుట్టుమిషను ముందు కుర్చీ
కట్టు విప్పిన మర్నాడు

చిన్నదానికి,

వచ్చింది.

మధ్యాహ్నం పూట. నువ్వు లోపల నిద్రపోతున్నావు. నేను గుమ్మం లోపల కూర్చుని నీ గౌను అంచు కుడుతున్నాను. తలుపు చప్పుడైతే తీశాను. ఆవిడ చేతిలో గొడుగుంది. ఎండగా ఉంది, అయినా వేసుకోలేదు. నా తల మీదుగా లోపలికి చూసి, ‘చిన్నదేదీ’ అంది. నిన్ను తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. నిన్నొక్కదాన్నే. ఏడాదిగా నీకు వండిపెట్టింది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేను. నువ్వు కూడా పోతే ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఉండరు, నాన్నా నేనూ ఆ గోడా. నాకు పదమూడేళ్ళే. తలుపు వేసి గడియ పెట్టాను. అమ్మ వెళ్ళాక, నేను లోపలినుంచి వేసుకోగలగాలని నాన్న వడ్రంగి చేత ఆ గడియని మరీ కిందికి దింపించాడు. ఆవిడ వెళ్ళేటప్పుడు అది పైన ఉండేది. కాబట్టి కిందికి ఉండేదని తెలిసినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళే. నువ్వు గడియ గురించి అడిగినప్పుడు జవాబు రాయకుండా దాటేసింది అందుకే. ఏదో నీ చేతికి దొరికిందని అప్పుడే అర్థమైంది.

చాలాసేపు బయట చప్పుడు లేదు. తర్వాత అడుగులు వినపడ్డాయి. నువ్వు లేచి వచ్చి ‘ఎవరొచ్చారు’ అన్నావు. ‘ఎవరూ రాలేదు’ అన్నాను. అంతే. ఆ ఒక్క మాటా నిలబెట్టడానికి ముప్పై ఒక్క ఏళ్ళు కాపలా కాశాను. ఎవరైనా పాత ఇరుగుపొరుగు కనపడితే నిన్ను పక్కకి లాక్కుపోయేదాన్ని. ఈ రెండు నెలలూ నిన్ను అనుమానించానే, అతనెవరు, ఏం దాస్తున్నావు అని, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేను. నా వల్ల నీకు జరిగింది తక్కువ కాదు. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

‘తప్పు దానిది కాదు’ అన్న ముక్క ఎన్నిసార్లు చదివానో. బావ వచ్చి ఏమైందన్నాడు. ఈసారి పడవవాడు కాదని చెప్పి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

అదే మనిషి పుస్తకంలో ఉంటే దాటమని అరిచాను. నా గుమ్మంలోకి వస్తే గడియ పెట్టాను. మూడు భాగాలు చదివి ఆ మొగుణ్ణి తిట్టాను, ఆమె కోసం ఏడ్చాను, ఆ కూతురి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచిస్తే అది నేనేనని తెలిసిపోతుంది కదా. ఆవిడని క్షమించేశానని మాత్రం రాయను. నాకు తెలీదు. వచ్చి నిలబడితే ఏమంటానో కూడా తెలీదు. కానీ నిన్ను వద్దనే హక్కు నాకు లేదు, ఒకసారి ఆ హక్కు నాదనుకుని ఇంత చేశాను.

పదమూడో ఫారం తిరిగి పంపుతున్నాను. పేజీలు వరసలో పెట్టాను, ఒకసారి చూసుకో. సుద్ద చెక్కే కత్తితో పెన్సిలు చెక్కుకుని, నేను కూడా రాశాను. నూట తొంభై అయిదులో, జడ గురించి రాసిన చోట కింద: ‘నేనే వేశాను. రోజూ. రెండు జడలు, ఎడమది ఎప్పుడూ కొంచెం వంకర.’ రెండు వందల ఒకటిలో, ఆవిడ నన్ను అడగాల్సిందని రాసుకున్న ప్రశ్న కింద: ‘బాగానే ఉన్నాను. మొన్న కాలు విరిగింది.’ ఇంకా ఏదో రాయాలనిపించింది, మార్జిన్ చాలలేదు.

అట్ట మళ్ళీ వెడల్పు చేసి, ఫారాన్ని దాని చోట కుట్టు. మంగళవారం ఆ కిటికీ దగ్గరికి పుస్తకం నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. జిగురు ఆరిందని చెప్పు. ఐదో భాగం నీ కార్డు మీద తీసుకుని బావకివ్వు, పడవవాడు బతికాడో లేదో తెలియక ప్రాణం కొట్టుకుంటోంది.

కుట్టేముందు అలవాటు కొద్దీ పేజీలన్నీ తిరగేస్తావు కదా. ఈసారి రబ్బరు ముట్టుకోకు.

అక్క